గంటలో కుక్కిన గుడ్డపీలిక

బీరప్ప అయ్యవారిని ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే, ఆయన ముందుగా వాళ్ళ ఎదుట చేటెడు శెనక్కాయలు పెట్టేవాడు. "ఒలుస్తా ఉండు" అనేవాడు. చేతులు ఊరకే ఉంటే మనిషి వినేది తక్కువ, వాదించేది ఎక్కువ అని ఆయన నమ్మకం. ముప్పై అయిదేళ్ళు చిన్నబడిలో పాఠాలు చెప్పి, రిటైరైనాక ఇరవై ఏళ్ళుగా తన ఇంటి వసారాలో మధ్యాహ్నంపూట, చదువు అందని పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దిస్తున్నాడు. జవాబు అడిగితే జవాబు చెప్పడు. ఎక్కడో ఎప్పుడో జరిగిన ఒక సంగతి చెప్పి, కళ్ళజోడు తుడుచుకుని, "ఇంక పలక తియ్యి" అంటాడు. ఆ సంగతికీ తాము అడిగినదానికీ లంకె ఏమిటో అడిగినవాళ్ళే ఇంటికి పోతూ పోతూ వెతుక్కోవాలి. కొందరికి దారిలోనే దొరికేది. కొందరికి నెలలు పట్టేది. ఒకామెకు ఎన్నటికీ దొరకలేదనీ, కానీ అయ్యవారి చేనికి సరిపడా విత్తనం మాత్రం ఒలిచి పోయిందనీ ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆ వసారాకు వచ్చేవాళ్ళలో ఓబుళమ్మ ఒకతి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బస్టాండు పక్కనున్న మెస్సులో పొద్దున తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా జొన్నరొట్టెలు తట్టి, పిండి చేతులు కడుక్కుని వచ్చి, మూడున్నరకు మనవరాలి బడి విడిచేదాకా పలక ముందేసుకుని కూర్చునేది. ఒత్తుల దాకా వచ్చింది. బస్సు బోర్డు చదవడం కూడా వచ్చింది. చదివేలోపు బస్సు పోతుంది, అది వేరే సంగతి. అట్లాంటిది, జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి ఆమె చదువు వెనక్కి నడవసాగింది. ఆ రోజు 'రొట్టె' అని రాయబోయి, ఒత్తు పెట్టకముందే, బలపం చేతిలో ఉండగానే కునుకు తీసింది. తల పోయి గోడకు కొట్టుకుంది.

"ఏమమ్మా, రాత్రి నిద్ర లేదా?" అన్నాడు అయ్యవారు.

"యాడ నిద్ర అయ్యోరా. నెల పైనాయె. మనవరాలు నా కొంగు పిడికిట్లో చుట్టుకొని పడుకుంటాది. నేను పక్కకు తిరిగితే లేస్తాది. నీళ్ళు పోసుకునేదానికి పోయినా తలుపు కొడుతా నిలబడుకుంటాది. ఒళ్ళు పులిసిపోయింది నాకు" అంది ఓబుళమ్మ. అని, ఆ నెలపైబడి పడుతున్నదంతా ఏకరువు పెట్టింది.

మనవరాలి పేరు జోషిత. నాలుగేళ్ళు నిండినాయి. తల్లి సుగుణ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఫ్యాక్టరీ బస్సు ఆరుంబావుకు వీధి చివర ఆగుతుంది. బిడ్డ చూస్తే పోనీయదని, అది నిద్రలో ఉండగానే చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలాగా అడుగులో అడుగేసుకుంటూ పోతుంది. తండ్రి లారీ మీద పోతే పదిహేను రోజులకు ఒకసారి కనపడతాడు. పిల్ల లేచి ఇల్లంతా తల్లిని వెతుక్కుంటుంది. పరుపు చుట్ట వెనక కూడా చూస్తుంది. ఆ వెతుకులాట అయ్యేసరికి బడి వేళ. బడి గడప దాకా అవ్వ చేయి పట్టుకుని వస్తుంది. అక్కడినుంచి ఓబుళమ్మ వంతు. "ఈడే కూర్చోమ్మా, బొరుగులు తెస్తా" అని చెప్పి, వంటగది వైపు తలుపుగుండా జారుకుంటుంది. ఆయా కుళ్ళాయమ్మ ఆ వేళకు, "అదిగో పాపా, కాకి చూడు కాకి" అంటూ పిల్లను అటు తిప్పుతుంది. ఇద్దరికీ అలవాటైపోయింది. దొంగలకు కూడా అంత పొందిక ఉండదు.

"మొదట్లో రెండు రోజులు ఏడ్చలేదయ్యోరా. సరేలే, కుదురుకుంది అనుకొంటి. ఇప్పుడు తినదు, ఆడదు, ఎవరితోనూ మాట్లాడదు. గడప మీద కూర్చొని గేటు దిక్కే చూస్తాంటాదంట పొద్దంతా. మధ్యలో తలుచుకొని తలుచుకొని ఏడుస్తాదంట. బడిలో పెద్ద మేడం పిలిపించి చెప్పింది. 'నీ పిల్ల మొదలుపెడితే ఇరవై మందీ మొదలుపెడతారమ్మా. నెలాఖరు దాకా చూస్తా. కుదురుకోకపోతే ఇంటికి తీసుకొనిపో, వచ్చే ఏడు చూద్దాం' అని. ఇంట్లో పెట్టుకుంటే నేనన్నా మానుకోవాల, సుగుణన్నా మానుకోవాల. నా రొట్టెలతో ఇల్లు జరగదు. అది ఎన్ని ఏండ్లు తిరిగి పట్టుకున్న పనో మీకు తెలుసు గదా."

అయ్యవారు తల ఊపాడు.

"అందుకే అడుగుతాండా. ఈ బిడ్డ ఏడుపు మాన్పేది ఎట్ల? తాయెత్తు కట్టించాల్నా? ఎవరి చేతన్నా మంత్రం వేయించాల్నా?"

అయ్యవారు లేచి, లోపలికి పోయి, చేట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఓబుళమ్మ దానిని చూసి నిట్టూర్చింది. పొద్దున్నుంచి రొట్టెలు తట్టిన చేతులు అవి. అయినా ఒక కాయ తీసి చిదిమింది.

"మా పెద్దమ్మ లింగమ్మకు నూటాయాభై గొర్రెలుండె" అని మొదలుపెట్టాడు ఆయన. "పొద్దున మందను మేపుకు తోలుకొని పోయేది మా పెద్దనాయన. పాలు తాగే పిల్లలు అంత దూరం నడవలేవు గదా. వాటిని దొడ్లోనే నిలిపి, ముల్లకంప తడిక అడ్డం వేసేవాళ్ళు. తినడం నేర్చుకుంటాయని నాలుగు రెమ్మలు దూలానికి వేలాడదీసేవాళ్ళు. మందకు ముందు నడిచే పెద్దగొర్రె మెడలో కంచుగంట ఉండె. అది కదిలిందంటే తల్లులన్నీ కదిలినట్టు. ఆ చప్పుడు వినంగానే లోపల పిల్లలు అరుపు అందుకునేవి."

"నాకెందుకు తెలీదు. మా పుట్టింటి వెనకాలే గొల్లోళ్ళ దొడ్డి. చెవులు చిల్లులు పడేవి" అంది ఓబుళమ్మ.

"ఆఁ. ఏటేటా ఆ అరుపు వినే మనిషే మా పెద్దమ్మ. కానీ ఆ ఏడు ఒక్కగానొక్క కూతురిని అత్తగారింటికి పంపింది. పంపి నెల గూడా కాలేదు. ఆ పిల్లల అరుపు ఆమెకు పడలేదు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో పొద్దు పాత చీర చింపి, ఆ పీలికలు గంటలోకి కుక్కింది, నాలుక కదలకుండా. పిల్లలు పాలు తాగి కునుకు తీసే వేళ చూసి, వెనక సందుగుండా మందను మెల్లగా తోలించింది. పిల్లలు లేచి చూసుకుంటే తల్లులు లేవు. పోయింది ఎప్పుడో తెలీదు, ఎటో తెలీదు. ఎటు తిరిగి అరవాలో తెలీక నిలబడినాయి. 'చూసినావా, ఒక్కటన్నా ఏడ్చిందా?' అని మా పెద్దమ్మ ఆ రోజంతా మురిసిపోయింది."

"మంచి ఉపాయమే గదా" అంది ఓబుళమ్మ. అన్నాక ఆమె చేతిలో కాయ ఒక క్షణం ఆగింది.

"మంచిదే. రెండో రోజు పాలు తాగినాక ఒక్క పిల్లా కన్ను మూయలేదు. మూడో రోజుకు పొదుగు వదలడం మానేసినాయి. లాగితే తల్లి కాళ్ళ మధ్యలోకి దూరేవి. రెమ్మలు ఎండిపోయి రాలినాయి గానీ ఒక్కటీ నోరు పెట్టలేదు. తడిక సందుల్లో మూతులు పెట్టుకుని పొద్దంతా నిలువుకాళ్ళ మీదే. ఇంక తల్లులు. రాత్రంతా ఇవి కుమ్ముతాంటే వాటికి నెమరు వేసుకునే తీరికెక్కడిది? మేతకు పోయిన చోటే కూలబడేవి. మా పెద్దమ్మ దిష్టి తీసింది, పోలేరమ్మకు మొక్కుకుంది. పిల్లలకు రోగమేదో తగిలిందని పసరు పోసింది. అన్నీ చేసింది."

"గంట సంగతి మీ పెద్దనాయన అడగలేదా?"

"ఆయన మాట్లాడే మనిషి కాదమ్మా. మాట్లాడితే గొర్రెలతోనే." అయ్యవారు కొంచెం నవ్వాడు. "పది రోజులాయె. ఒక పొద్దుగూకే వేళ మంద ఇంటికొచ్చింది. మామూలుగా అయితే మంద ఊరవతలి వంక దాటుతాండంగానే, గంట విని, పిల్లలు చెవులు రిక్కించి తడిక కాడికి ఉరికేవి. ఆ పొద్దు తల్లులు వచ్చి దొడ్డి ముందర నిలబడినా ఒక్కటీ లేవలేదు. ఎదురు చూసి చూసి, సరిగ్గా వచ్చే వేళకు సొమ్మసిల్లి పడుండినాయి. మా పెద్దనాయన పెద్దగొర్రె మెడలో గంట చేతిలోకి తీసుకున్నాడు. బోర్లించి, లోపలున్న గుడ్డ పెద్దమ్మకు చూపించినాడు. ఒకటే మాట అన్నాడు. 'లింగీ, పోయేటప్పుడు మోగేదీ, వచ్చేటప్పుడు మోగేదీ ఒకటే గంట గదే.'"

ఓబుళమ్మ ఒలుస్తూనే ఉంది. చేటలో పప్పు కన్నా పొట్టు ఎక్కువైంది.

"తర్వాత?"

"తర్వాత ఏముంది? మర్నాడు గంట మోగింది. పిల్లలు అరిచినాయి."

"అరుపు ఆగిపోయిందా ఇంక?"

"యాడ ఆగుతాదమ్మా. మొదట్లో రెండింతలు అరిచినాయి. ఎన్నాళ్ళు మూసిపెట్టినారో అన్నాళ్ళూ పట్టింది." ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "ఇంక పలక తియ్యి. ఒత్తు మిగిలిపోయింది."

ఆ రోజు మూడున్నరకు ఓబుళమ్మ బడికి పోయేసరికి జోషిత ఎప్పటిలాగే గడప మీద ఉంది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పొద్దున కట్టిన రిబ్బన్లు కట్టినట్టే, పలక సంచీ విప్పకుండానే. అవ్వను చూడగానే లేచి వచ్చి కాళ్ళను కరుచుకుంది. తల ఎత్తి, రోజూ అడిగే మాటే అడిగింది.

"బొరుగులేవీ అవ్వా?"

రోజూ ఓబుళమ్మ దగ్గర ఒక జవాబు ఉండేది. అంగడి మూసేసినారనో, బొరుగులు మెత్తబడినాయనో, రేపు తెస్తాననో. అవన్నీ ఆ పిల్ల విని, నమ్మి, మర్నాడు మళ్ళీ గడప మీద కూర్చునేది. ఓబుళమ్మకు ఆ నిమిషాన తెలిసొచ్చింది. ఈ బిడ్డ నెల నుంచీ బడికి రాలేదు, బొరుగులకు కాపలా కాసింది. అంగడికి పోయిన అవ్వ ఏ క్షణానైనా రావచ్చు గదా. లేచి ఆడుకుంటే ఎట్లా? అన్నానికి పోతే ఎట్లా?

ఆమె మోకాళ్ళు కటకటమంటున్నా అక్కడే గొంతుకూర్చుంది. "బొరుగులు తేలేదమ్మా. తెచ్చేదానికి పోనే లేదు. అవ్వ అబద్ధం చెప్పింది. రొట్టెలు తట్టేదానికి పోయినా."

జోషిత ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. ఆలోచించినట్టుంది.

"రేపు తెస్తావా?" అంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూతురితో చెప్పింది ఓబుళమ్మ. సుగుణ పొద్దంతా మిషన్ తొక్కి వచ్చిన మనిషి. కాళ్ళు చాపి గోడకు ఆనుకుని ఉంది.

"ఏమి మాట్లాడుతాండావు మా? బంగారట్ల నిద్రపోయే బిడ్డను లేపి, ఏడిపించి పొమ్మంటావా? నా చేత కాదు. దాని ఏడుపు చెవిలో పెట్టుకొని నేను పొద్దంతా ఎట్ల కుట్టేది? సూది వేలిలో దిగుతాది."

"లేచి చూసి నువ్వు లేకపోతే అది ఎట్ల ఏడుస్తాదో నీకు తెలీదు. నువ్వు బస్సులో ఉంటావు. వినేది నేను" అంది ఓబుళమ్మ. గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక లేదు. "మన ఇండ్లల్లో పక్కవీధికి పోయినా 'పోయొస్తా' అని చెప్పి పోతాం. పాలు పోసే ఆమె గూడా చెప్తాది. నువ్వూ నేనూ ఈ బిడ్డకు ఒక్కనాడన్నా చెప్పినామా?"

సుగుణ కాళ్ళు ముడుచుకుని పొయ్యి వైపు తిరిగింది. కానీ మర్నాడు ఆరు గంటలకు బిడ్డ పక్కన కూర్చుని, జుట్టు సవరించి, లేపింది. "పోయొస్తా తల్లీ. దీపం పెట్టే వేళకు వస్తా" అంది. జోషిత ఏడ్చిన ఏడుపుకు ఎదురింటివాళ్ళు లైటు వేసుకున్నారు. సుగుణ కొంగు నోట్లో కుక్కుకుని బస్సెక్కింది.

బడిలో ఇంకా కష్టమైంది. ఆ బడికి గంట అంటే వేపచెట్టు కొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. ఇనుపకమ్మీతో కొడతారు. ఓబుళమ్మ పిల్లను దాని దగ్గరికి తీసుకుపోయి, ఎత్తి, చేత్తో తాకించింది. చల్లగా ఉంది. "ఇదిగో, ఇప్పుడు ఆయమ్మ దీన్ని కొడుతాది. కొట్టినాక నేను పోయొస్తా. రొట్టెలు తట్టేదానికి. సాయంత్రం మళ్ళీ పొడుగ్గా కొడుతాది. అప్పటికి నేను గేటు కాడ ఉంటా. మధ్యలో రాను. ఎంత చూసినా రాను. బొరుగులు తేను." గంట మోగింది. ఓబుళమ్మ ముందు తలుపులోనుంచే, అందరూ చూస్తుండగా బయటికి నడిచింది. వెనక ఎవరో నేలకు వేసి కొట్టినట్టు పిల్ల అరిచింది. కుళ్ళాయమ్మ పట్టుకోబోతే చేయి కొరికింది.

"ఏమి పెద్దమ్మా, ఇన్నాళ్ళూ ఎంచక్కా దొంగగా పోతాంటివి గదా! కాకిని చూపిస్తాంటిమి గదా! ఇదేమి పాడు బుద్ధి పుట్టింది నీకు?" అని ఆయా గేటు దాకా వచ్చి అరిచింది.

ఓబుళమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే కాళ్ళు అటే పోతాయని ఆమెకు తెలుసు. చీరకొంగు రెండు చెవులకూ అదిమిపట్టుకుని, సంత దారి దాటేదాకా అట్లాగే పోయింది. దారిలో తెలిసినామె ఎవరో, "పంటి నొప్పా ఓబుళమ్మక్కా?" అని అడిగితే, అవునని తల ఊపింది.

రెండో రోజూ అంతే. మూడో రోజు పిల్ల గేటు ఊచలు పట్టుకుని వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించాల్సి వచ్చింది. ఆ వేళ్ళు విడిపించిన చేతులతో రొట్టెలు తడుతుంటే ఒక్క రొట్టె కూడా గుండ్రంగా రాలేదు. పలక ముందు కూర్చుంటే అక్షరాలు చీమలైనాయి. అయ్యవారిని ఏమీ అడగలేదు. ఆయనా చేట తీయలేదు. సాయంత్రం పొడుగు గంట మోగే వేళకు మాత్రం, ఎండైనా గాలైనా, ఆమె గేటు దగ్గర అదే స్తంభం పక్కన, అదే చోట నిలబడి ఉండేది. పిల్ల వచ్చి కరుచుకునేది. ఇద్దరూ ఇంటికి నడిచేవారు. అట్లా వారం గడిచింది. ఆ వారంలో ఒక రోజు కుళ్ళాయమ్మ చేతికి కట్టిన గుడ్డ చూసుకుంటూ, ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు చెప్పింది.

"ఏడుపైతే మానలేదు పెద్దమ్మా. కానీ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఈ పొద్దు గుడ్డు తినింది. ఇంకొకటి ఉందా అని అడిగింది."

నెలాఖరు రోజు వచ్చింది. ఆ పొద్దు సంత. మెస్సు కిటకిటలాడుతోంది. రెండు గంటలకు ఓబుళమ్మ చేతులు కడుక్కోబోతుండగా కల్యాణమండపం నుంచి మనిషి వచ్చాడు. అరవై రొట్టెలు కావాలట. పెండ్లికొడుకు తరఫు వాళ్ళు అన్నం ముట్టరట. మెస్సు నడిపే ఆమె సంతోషంగా పిండి కుమ్మరించింది. ఓబుళమ్మ పాఠం వదులుకుని మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. నలభై అయ్యేసరికి గోడగడియారం మూడుంబావు చూపిస్తోంది. ఆమె లేచింది.

"యాడికి? ఇంకా ఇరవై ఉండాయి!" అంది మెస్సు ఆమె.

"బడి విడిచే వేళ. పాపను తీసుకొని ఇంటి కాడ దింపి వస్తా."

"అంతసేపు పెండ్లోళ్ళు కూర్చుంటారా? పిల్ల అర్ధగంట ఏడిస్తే ఏమైపోతాది ఓబుళమ్మా? నా పిల్లోళ్ళు ఏడ్చలేదా? ఇప్పుడు పోయినావంటే రేపు రావద్దు."

ఓబుళమ్మకు భయం వేసింది. ఆ పని పోతే సుగుణ ఒక్కతే బండి లాగాలి. కానీ చేయి మళ్ళీ పిండి మీదికి పోలేదు.

"ఏడిస్తే ఏమీ కాదక్కా. రోజూ ఏడుస్తానే ఉండాది. గంటకు ఉంటానని చెప్పినా, అంతే" అంది. అని, మోచేతుల దాకా అంటుకున్న పిండితోనే బయటపడింది.

సంతలో ఆటో కదలదు. గంపలు దాటుకుంటూ, ఎద్దుల తోకలు తప్పించుకుంటూ, మోకాళ్ళను తిట్టుకుంటూ నడిచింది. దారంతా ఒకటే బొమ్మ కళ్ళముందు. పిల్ల గేటు ఊచల మధ్య మొహం పెట్టుకుని తన కోసం కళ్ళు కాయలు చేసుకుంటోంది. గంట మోగిపోయింది, తాను లేదు. ఒక్కరోజు తప్పినా, ఇన్నాళ్ళ ఏడుపూ ఏట్లో పోసినట్టే. బడి మలుపు తిరిగేసరికి ఊపిరి గొంతులోకి వచ్చింది. స్తంభం పట్టుకుని లోపలికి చూసింది.

కుళ్ళాయమ్మ ఇనుపకమ్మీ తీసుకుని చెట్టు వైపు అప్పుడే నడుస్తోంది. గేటు దగ్గర ఎవరూ లేరు. గడప మీద ఎవరూ లేరు. ఓబుళమ్మ ఊచల సందున మొహం పెట్టి వెతికింది. తర్వాత చూసింది. కొళాయి పక్కన, బురద ఉన్నచోట, జోషిత ఇంకో పాపతో కూర్చుని ఉంది. వీపు గేటు వైపు. మన్ను తడిపి ముద్ద చేసి, అరచేతుల మధ్య పెట్టి, తిప్పి తిప్పి తడుతోంది. పక్కన ఆరిన రొట్టెలు నాలుగు. "నువ్వు అంచు ఒత్తు. ఎండెక్కువైతే విరిగిపోతాయి" అని ఆ రెండో పాపకు పని చెబుతోంది. గేటు వైపు చూడనే లేదు. ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు.

గేటు వైపు చూసే ఆ బిడ్డ కళ్ళ కోసమే ఓబుళమ్మ సంతంతా పరుగెత్తి వచ్చింది. ఆ కళ్ళు తన వైపు లేవు. ఆమెకు అది సంతోషమో, మరేదో తెలియలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడింది.

గంట మోగింది, పొడుగ్గా. జోషిత తల ఎత్తింది. వెతకలేదు. తిన్నగా ఆ స్తంభం వైపే చూసింది. చూసి, ఒక మట్టిరొట్టె రెండు చేతుల్లో పట్టుకుని, విరగకుండా నడుచుకుంటూ వచ్చింది.

"నీకే అవ్వా" అంది. తర్వాత అవ్వ చేతులు చూసి, "నీకూ అంటిందే!" అని నవ్వింది.

ఆ నెలాఖరున పెద్ద మేడం ఎవరినీ పిలిపించలేదు. మెస్సు ఆమె మర్నాడు రావద్దని అన్నది గానీ, పొద్దున ఓబుళమ్మ పోయి కూర్చుంటే లేవమనలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే. పొయ్యి మాత్రం తానే వెలిగించి పెట్టింది.

ఆ మర్నాటి మధ్యాహ్నమే ఓబుళమ్మ వసారాలోకి వచ్చి, అడగకుండానే లోపలికి పోయి చేట తెచ్చుకుని అయ్యవారి ఎదుట కూర్చుంది. విత్తే కాలం అయిపోవచ్చింది. అడుగున గుప్పెడు కాయలే మిగిలినాయి. ఒక్కొక్కటే ఒలుస్తూ, కొళాయి దగ్గరి రొట్టెల దాకా అంతా చెప్పింది. ఆయన వింటూ ఒకటి రెండు పప్పులు నోట్లో వేసుకున్నాడు.

"కానీ ఏడుపు మానలేదయ్యోరా. ఈ పొద్దు గూడా ఏడ్చింది. గంట కొడతాంటే ఏడుస్తా నిలబడి, 'నువ్వు పో అవ్వా, పోయి రా' అనింది. దానికి నేనేమి చెప్పేది?"

"ఊఁ" అన్నాడు అయ్యవారు.

"రాత్రి కొంగు వదిలేసి పడుకునింది. అటు తిరిగి పడుకునింది. నాకే నిద్ర రాలేదు." ఆమె చేటలోని చివరి కాయ తీసి, చిదమకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. "ఒక మాట అడగాలని ఆ పొద్దు నుంచీ అనుకుంటాండా. ఆ గంటలోనుంచి తీసిన గుడ్డపీలికలు, మీ పెద్దమ్మ ఏమి చేసింది? పొయ్యిలో వేసిందా?"

అయ్యవారు కళ్ళజోడు తీశాడు. తుడవడానికి పంచె కొంగు పట్టుకుని, తుడవకుండా ఆగాడు.

"పొయ్యిలో ఎందుకేస్తాదమ్మా?" అన్నాడు. "తన చెవుల్లో పెట్టుకుంది."